ఇంక్రిమెంట్ లేని క్లాసికల్ చదరంగం వద్దు

సంపాదకులకు,

మన జిల్లాల్లో కొన్ని క్లాసికల్ (ఎక్కువ సమయం ఇచ్చే) చదరంగం పోటీలను ఇప్పటికీ ఇంక్రిమెంట్ (ప్రతి ఎత్తుకూ గడియారంలో కలిసే అదనపు సమయం) లేకుండా, ఒక్కొక్కరికి గంట చొప్పున ఆడిస్తున్నారు. చేయి తిరిగిన ఆటగాళ్లకే దీనివల్ల ఎక్కువ నష్టం.

ఇద్దరూ అనుభవజ్ఞులైతే ఆట తరచూ కొద్ది పావులే మిగిలిన ఏనుగుల ఎండ్‌గేమ్‌దాకా సాగుతుంది. ఒకరికి ఏనుగూ బంటూ, రెండోవారికి ఏనుగు మాత్రమే. ఏనుగే మిగిలినవారి రాజు బంటుకు ఎదురుగా ఉండాలి, ఏనుగు తన వైపు నుంచి మూడో వరుసను కాయాలి. బంటు ఆ వరుసలో అడుగుపెట్టగానే ఏనుగు అవతలి అంచుకు వెళ్లి వెనక నుంచి చెక్‌లు ఇస్తే డ్రా. ఈ పద్ధతి ఇద్దరికీ కంఠతా వచ్చు. కానీ గడియారంలో 15 సెకన్లే ఉంటే ఏం లాభం? నాలుగు నిమిషాలున్న ప్రత్యర్థి ఏనుగును అటూ ఇటూ జరుపుతూ కూర్చుంటే చాలు, ఫ్లాగ్ పడిపోతుంది, అంటే సమయం అయిపోయి ఓడిపోతారు. కంగారులో చెల్లని ఎత్తు వేస్తే ప్రత్యర్థికి మరో రెండు నిమిషాలు. రెండోసారి వేస్తే ఓటమే.

ఇంకో చిక్కు, ఎత్తులు రాసే స్కోర్‌షీట్. ఎత్తుకు 30 సెకన్లు కలవని ఆటలో, ఐదు నిమిషాలలోపు సమయం మిగిలినవారు ఎత్తులు రాయనక్కర్లేదు. రాయకపోతే ఒకే స్థితి మూడుసార్లు వచ్చిందనో, బంటు కదలకుండా, ఏ పావూ పోకుండా 50 ఎత్తులు దాటాయనో, డ్రా కోరేందుకు తీర్పరి అయిన ఆర్బిటర్‌కు చూపేదెలా?

అంతర్జాతీయ చదరంగ సమాఖ్య ఫిడే నియమాల్లో దీనికి కొంత ఉపశమనం ఉంది. రెండు నిమిషాలలోపు మిగిలిన ఆటగాడు తన వంతులో ఇద్దరికీ ఐదు సెకన్ల ఇంక్రిమెంట్ పెట్టమని అడగవచ్చు. అలా అడగడం డ్రా ప్రతిపాదన కిందే లెక్క. ప్రత్యర్థి కాదని, ఆర్బిటర్ సరేనంటే, ప్రత్యర్థికి రెండు నిమిషాలు అదనంగా ఇచ్చి ఆట కొనసాగిస్తారు. అయితే ఈ వెసులుబాటు వాడతామని పోటీకి ముందే ప్రకటించి ఉండాలి. పోటీ వివరాల పత్రమైన ప్రాస్పెక్టస్‌లో ఆ ఒక్క వాక్యం లేకపోతే ఆర్బిటర్ చేయగలిగిందేమీ లేదు.

పది సెకన్లు కూడా చాలవు. 2025 జూన్‌లో నార్వే చెస్‌లో 41వ ఎత్తు నుంచి పది సెకన్లే కలిసేవి. గుకేశ్‌పై గెలుపు స్థితిలో ఉన్న కార్ల్‌సన్ అంతటివాడు 52వ ఎత్తులో గుర్రంతో తప్పుడు చెక్ ఇచ్చి ఓడిపోయాడు.

రౌండ్లు ఆలస్యమవుతాయన్నది నిర్వాహకుల భయం. లెక్క చూడండి: 30 నిమిషాలకు ఎత్తుకు 30 సెకన్లు కలిపితే, 60 ఎత్తులకు మనిషికి గంటే, ఇప్పుడిస్తున్నంతే. 45 నిమిషాలతో మొదలుపెడితే 80 ఎత్తుల ఆట కూడా 2 గంటల 50 నిమిషాల్లో ముగుస్తుంది. రౌండుకు మూడు గంటలు కేటాయిస్తే సరిపోతుంది. రెండు రాష్ట్రాల చదరంగ సంఘాలు క్లాసికల్ పోటీలకు 30 సెకన్ల ఇంక్రిమెంట్ తప్పనిసరి చేయాలి. అంతవరకూ ఆ ఐదు సెకన్ల నిబంధననైనా ప్రతి ప్రాస్పెక్టస్‌లో అచ్చు వేయించాలి.

– ఒక చదరంగ క్రీడాకారుడు, గుంటూరు