ఇంట్లో ఫోన్ ఉంటే పిల్లలకి నెట్ ఉన్నట్టేనా?

ఎడిటర్ గారికి నమస్కారం,

ఇప్పుడు నెట్ లేని ఇల్లు ఎక్కడుందండీ, కూలికెళ్లే వాళ్ల చేతిలో కూడా టచ్ ఫోనే కదా అని లీడర్లు, ఆఫీసర్లు, చివరికి కొందరు టీచర్లు కూడా తేలిగ్గా అనేస్తున్నారు. ఖమ్మంలో ఇంటర్నెట్ సెంటర్ నడుపుతున్న వాడిగా చెప్తున్నా, ఈ మాట నిజం కాదు. ఇంట్లో నలుగురికి ఒక ఫోన్ ఉండటం వేరు, ఇంటర్ చదివే పిల్లకి అది కావాల్సిన టైంకి చేతికి రావటం వేరు.

ఎంసెట్ (ఇప్పుడు ఈఏపీసెట్ అంటున్నారు) కౌన్సెలింగప్పుడు మా సెంటర్లో కూర్చుని చూడండి తెలుస్తుంది. ఇంట్లో వైఫై, ల్యాప్‌టాప్ ఉన్న పిల్లలు పోయినేడాది ఏ కాలేజీలో ఏ ర్యాంకు దాకా సీటొచ్చిందో చూసుకుని, సీనియర్లని అడిగి, వెబ్ ఆప్షన్స్, అంటే ఏ కాలేజీ, ఏ కోర్సు ముందు కావాలో చెప్పే లిస్టు, ఫ్రీజ్ (ఖాయం) చేసేలోపు ఎన్నిసార్లయినా అటూ ఇటూ మార్చుకుంటారు. నా దగ్గరికొచ్చే వాళ్లు కాగితం మీద రాసుకొచ్చిన లిస్టు ఒక్కసారి ఎక్కించుకుని వెళ్లిపోతారు, మళ్లీ వస్తే మళ్లీ డబ్బులు, తోడొచ్చిన నాన్నకి ఇంకో పూట కూలి పోతుంది. ఒక్కోసారి ఆ నాన్న మిర్చి యార్డులో బస్తాలు మోస్తుంటాడు, ఓటీపీ ఆయన ఫోన్‌కి పోతుంది, ఆయన ఎత్తడు, పిల్ల ఇక్కడ స్క్రీన్ వైపు చూస్తూ కూర్చుంటుంది. ర్యాంకు ఇద్దరిదీ ఒకటే అయినా సీటు దగ్గర తేడా వచ్చేది ఇక్కడే.

మొన్నామధ్య ఒక అమ్మాయి మాక్ టెస్ట్ రాసుకుంటానని వచ్చింది, ఫిజిక్స్ బాగా వచ్చు, కానీ మౌస్ పట్టుకోవటం అదే మొదటిసారి. స్క్రీన్‌ని వేలితో పైకి జరపబోయి ఆగిపోయి, "అన్నా, కింద ప్రశ్న ఎట్లా వస్తది" అని చిన్నగా అడిగింది. తెలంగాణలో ఎంసెట్ 2018 నుంచి కంప్యూటర్ మీదే రాయాలి, మరి ఆ పిల్ల లెక్కలు ప్రాక్టీస్ చేయాలా మౌస్ ప్రాక్టీస్ చేయాలా?

ఇంక రీఛార్జ్ సంగతి. 2024 జులైలో రేట్లు పెంచినప్పుడు జియోలో 155 ప్యాక్ 189 అయింది, 239 ప్యాక్ 299 అయింది. 189కి 28 రోజులకి మొత్తం 2 జీబీ, 299కి రోజుకి ఒకటిన్నర చొప్పున 42 జీబీ. ఒకేసారి 299 పెట్టగలిగినోడికి జీబీ 7 రూపాయల్లో పడింది, ఆ వారం చేతిలో అంత లేక చిన్న ప్యాక్ వేయించుకున్నోడికి 94 పైన పడింది. పైగా 28 రోజుల ప్యాక్ కాబట్టి ఏడాదికి 12 కాదు, 13 సార్లు వేయించాలి. డబ్బు తక్కువున్న ఇల్లే డేటా ఎక్కువ రేటుకి కొంటోంది, ఆ 2 జీబీలో పిల్లలు వీడియో పాఠాలు ఎన్ని చూస్తారు చెప్పండి.

అందులోనూ ఆడపిల్లల వంతు ఆఖరున. పల్లె పిల్లల చదువుల మీద ప్రథమ్ సంస్థ చేసే అసర్ సర్వే 2023లో చూస్తే, పల్లెల్లో 14-18 ఏళ్ల వాళ్లలో ఫోన్ వాడటం వచ్చిన అబ్బాయిల్లో 43.7 శాతం మందికి సొంత ఫోన్ ఉంటే అమ్మాయిల్లో 19.8 శాతం మందికే ఉంది. ఒక్క ఫోన్ కొనే స్తోమతే ఉంటే అది అన్నకే పోతుంది, చెల్లెలు వాడికి బుద్ధి పుట్టి ఇచ్చినప్పుడు తీసుకోవాలి.

నెట్ ఇస్తే రీల్స్ చూసి చెడిపోతారు అనే వాళ్లకి ఒక్కటే చెప్తా, ఆ భయం డబ్బున్న ఇళ్ల పిల్లలకీ ఉంది, అయినా వాళ్లకి ఎవరూ వైఫై తీయించట్లేదు.

నేనడిగేది పెద్ద పథకం కూడా కాదు. మనం కట్టే ఇంటి పన్ను మీద రూపాయికి 8 పైసలు గ్రంథాలయ సెస్ ఉంది. ఆ డబ్బు మున్సిపాలిటీలు, పంచాయతీలు జిల్లా గ్రంథాలయ సంస్థకి సరిగ్గా జమ చేస్తే శాఖా గ్రంథాలయంలో నాలుగు కంప్యూటర్లు, ఒక బ్రాడ్‌బ్యాండ్ లైను, ప్రింటర్ పెట్టటం కష్టమేం కాదు. కాలేజీ వదిలాక వచ్చేలా రాత్రి 8 దాకా తెరిచి ఉంచాలి, అమ్మాయిలకి విడిగా టైం పెట్టాలి, ఫామ్ నింపటం తెలిసిన మనిషి ఒకరు ఉండాలి. నా షాపుకి గిరాకీ తగ్గుతుందని తెలుసు, తగ్గనివ్వండి. కలెక్టర్ గారు, గ్రంథాలయ సంస్థ వాళ్లు వచ్చే ఎంసెట్ అప్లికేషన్లు మొదలయ్యేలోపు కనీసం మండలానికి ఒక లైబ్రరీలో అయినా ఇది పెట్టించాలి, వాళ్లకి కంప్యూటర్లు బిగించటానికి, పిల్లలకి నేర్పటానికి మనిషి కావాలంటే సాయంత్రాలు నేను వస్తా, డబ్బులేం వద్దు.

- ఒక ఇంటర్నెట్ సెంటర్ నిర్వాహకుడు, ఖమ్మం