మీల్స్ రేటు మారుతోంది. బెజవాడకి కొత్తగా వచ్చేవాళ్లు మిగతాది కూడా చదవండి

వచ్చే నెల ఒకటో తారీఖు నుంచి మన గాంధీనగర్ మెస్‌లో ఫుల్ మీల్స్ 120 రూపాయలు. ఇప్పటిదాకా 110. బోర్డు మీద అంకె మార్చేసి ఊరుకోవచ్చు. కానీ రోజూ తినేవాళ్లు కౌంటర్ దగ్గర ఆగి ఎందుకని అడుగుతారు, మధ్యాహ్నం ఒంటిగంటకి నిలబడి చెప్పే తీరిక నాకుండదు. అందుకే ఇక్కడ రాస్తున్నాను.

మనం వండేది పాత బీపీటీ (సాంబ మసూరి) బియ్యం. కొత్త బియ్యం బస్తా తక్కువకే వస్తుంది గానీ ఒదగదు, అన్నం ముద్దవుతుంది. అడిగినంత పెట్టే చోట ఆ ఒదుగే మాకు లాభం, తినేవాళ్లకి తృప్తి. నూనె సంగతి మీకూ తెలుసు. 2024 సెప్టెంబరులో కేంద్రం దిగుమతి సుంకం పెంచిన వారంలోనే డబ్బా రేటు ఎక్కేసింది. 2025 మే నెలాఖరున ముడి నూనెల మీద సుంకం 20 శాతం నుంచి 10కి తగ్గించారు, కానీ ఎక్కినంత చురుగ్గా మా దాకా దిగి రాలేదు. గ్యాస్ అయితే 19 కిలోల కమర్షియల్ బండ, ప్రతి నెలా ఒకటో తారీఖున రేటు చూసుకోవాల్సిందే. ఇంటి బండ పెట్టి వండితే బోలెడు మిగులుతుంది. అది హోటళ్లలో వాడకూడదు, మేం వాడం.

ఇవన్నీ చెప్పాక అసలు మాట కూడా చెప్పాలి. పెంచిన పదిలో ఎక్కువ భాగం జీతాలకే పోతుంది. వంట మాస్టర్ని, వడ్డించే సప్లయర్లని నిలబెట్టుకోవడం ఇప్పుడు బియ్యం కొనడం కంటే కష్టం. పప్పు కాస్త పల్చన చేసి, గట్టి పెరుగు బదులు మజ్జిగ పోసి, పాత రేటుకే నడిపించే దారి ఉంది. ఆ దారిలో వెళ్లిన చోట్ల నేనూ తిన్నాను, రెండోసారి వెళ్లలేదు.

ఇక రెండో విషయం. మన దగ్గర తినేవాళ్లలో సగానికి సగం ఈ ఊరివాళ్లు కాదు. అమ్మవారి దర్శనానికి వచ్చేవాళ్లు, వన్‌టౌన్ వస్త్రలతలో హోల్‌సేల్ బట్టలు కొనేవాళ్లు, పోటీ పరీక్ష రాయడానికి తెల్లవారుజామున రైలు దిగే పిల్లలు, సూర్యారావుపేట ఆసుపత్రుల్లో మనిషిని చేర్పించి బయట బెంచీ మీద కూర్చునే ఇంటివాళ్లు. ఫోన్ చేసి అడిగే మాట ఒకటే: "అన్నా, మనిషికి రోజుకి మూడొందల్లో భోజనాలు కానిచ్చెయ్యొచ్చా?" అవుతుంది. కాకపోతే మూడు పూటలూ హోటల్లో కూర్చుని భోజనం చేస్తే అవ్వదు.

పొద్దున బండి మీద ఇడ్లీ నలభై లోపు. టీ పన్నెండో పదిహేనో. మధ్యాహ్నం కడుపునిండా ఫుల్ మీల్స్ 120. సాయంత్రం పునుగులు ముప్పై. రాత్రి అట్టో, రెండు చపాతీలో, అరవై. మొత్తం రెండొందల డెబ్బై లోపే. ఇందులో కిటుకంటూ ఉంటే ఒక్కటే, పెద్ద పూట మధ్యాహ్నం పెట్టుకోండి. వేపుడూ పచ్చడీ అప్పుడే తాజాగా ఉంటాయి, అడిగినంత వడ్డిస్తారు. రాత్రి పూట ఫుల్ మీల్స్ కోసం వెతికితే దొరికే చోట్లు తక్కువ, దొరికినా చాలాచోట్ల మధ్యాహ్నం కూరే మళ్లీ వేడి చేసి పెడతారు. మేం రాత్రి భోజనం పెట్టకపోవడానికి కారణం కూడా అదే.

బండి ఎంచుకోవడం తెలియాలి. పాత్ర లోంచి ఇడ్లీ వాయి మీద వాయి దిగుతున్న చోట ఆగండి. పొద్దున్నే వండి మూతపెట్టిన ఇడ్లీ అమ్మే చోట పది తక్కువైనా వద్దు. మే నెల ఎండల్లో సాయంత్రం నాలుగింటికి కొబ్బరి చట్నీ జోలికి పోకండి, అల్లం పచ్చడి అడగండి. కొత్త ఊళ్లో కడుపు పాడైతే మందులకయ్యే ఖర్చుతో రెండు రోజులు తినొచ్చు. వెన్న వేసిన ఇడ్లీ తినాలని ఉంటే మా పేటలోనే బాబాయ్ హోటల్ ఉంది. బండి కంటే ఖర్చు ఎక్కువే, అయినా ఒక పూటకి దండగ కాదు. నాకు పోటీ అయినా చెబుతున్నాను, టిఫిన్లు మా దగ్గర లేవు కాబట్టి ధైర్యంగానే చెబుతున్నాను.

మూడొందలు కూడా కష్టమైతే మొహమాటం వద్దు, అన్న క్యాంటీన్‌కి వెళ్లండి. పూటకి 5 రూపాయలు. 2018లో మొదలై, మధ్యలో మూతబడి, 2024 ఆగస్టులో మళ్లీ తెరిచారు. పొద్దున టిఫిను, మధ్యాహ్నం, రాత్రి భోజనం ఉంటాయి. ఆదివారం సెలవు, అది గుర్తుపెట్టుకోండి. వేళ దాటాక వెళితే అయిపోయిందంటారు, గేటు తెరిచే వేళకే వరసలో నిలబడండి. కొండ మీద దర్శనమైతే మధ్యాహ్నం అన్నప్రసాదం ఎటూ ఉంది. ఇక రైలు మధ్యలో ఆగే కాసేపట్లో తినాలంటే, ప్లాట్‌ఫాం మీద జనరల్ బోగీలు ఆగే చోట రైల్వేవాళ్ల ఎకానమీ మీల్ 20 రూపాయలకి అమ్ముతారు, కాస్త పెద్దది 50. చాలామంది రిజర్వేషన్ బోగీ దగ్గరే చూసి లేదనుకుని వెళ్లిపోతారు.

డబ్బు కారిపోయేది భోజనం దగ్గర కాదు, నీళ్ల దగ్గర. బెజవాడ ఎండలో మనిషి రోజుకి నాలుగైదు సీసాలు తాగుతాడు. ఇరవై చొప్పున లెక్కేస్తే ఒక పూట భోజనం అయిపోయింది. ఇంటి నుంచి ఒక స్టీలు సీసా తెచ్చుకోండి. తిన్నా తినకపోయినా మన మెస్‌లో గుమ్మం పక్కన ఫిల్టర్ నీళ్లు పట్టుకోవచ్చు, ఎవరూ అడ్డు చెప్పరు. స్టేషన్లో కొనాల్సి వస్తే రైల్ నీర్ లీటరు 14 రూపాయలే, 2025 సెప్టెంబరులో ఒక రూపాయి తగ్గించారు. ఇరవై ఇచ్చి చిల్లర అడక్కుండా వచ్చేయకండి.

బిల్లు గురించి కూడా కాస్త. మేం జీఎస్టీ కాంపోజిషన్ స్కీములో ఉన్నాం. అమ్మకం మీద 5 శాతం మేమే కట్టుకోవాలి, మీ దగ్గర విడిగా వసూలు చేయకూడదు. అందుకే మన బిల్లు మీద 120 అంటే 120. మామూలు రిజిస్ట్రేషన్ ఉన్న రెస్టారెంట్లో బిల్లు మీద మరో 5 శాతం పడుతుంది, అది న్యాయమే. సర్వీస్ ఛార్జి మాత్రం వేరు. అది తప్పనిసరిగా వేయకూడదని వినియోగదారుల రక్షణ అథారిటీ 2022లోనే చెప్పింది, 2025 మార్చిలో ఢిల్లీ హైకోర్టు ఆ మాటనే నిలబెట్టింది. వేస్తే తీసేయమని అడగండి, వినకపోతే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయండి. మనది యాప్‌లలో లేదు. వాళ్ల కమీషను పోను మిగలాలంటే ఇదే భోజనం నేను 160కి పెట్టాలి. దానిమీద డెలివరీకి మీరు మళ్లీ కట్టాలి. లాడ్జి గదిలో కూర్చుని 200 పెట్టి చల్లారిన పప్పుచారు తినే బదులు నాలుగు అడుగులు నడిచి రండి.

ఇప్పుడు కొత్తగా పెడుతున్నవి. ఒకటో తారీఖు నుంచే ప్లేట్ మీల్స్ 80 రూపాయలు. గిన్నెడు అన్నం, పప్పు, ఒక కూర, రసం, పెరుగు. వేపుడు, నెయ్యి ఉండవు. అన్నం మళ్లీ కావాలంటే 20. ఇది ఎందుకంటే, ఇద్దరు వచ్చి ఒక ఫుల్ మీల్స్ చెప్పి ఇద్దరూ తినడం, సప్లయర్ వద్దనడం, మాటా మాటా పెరగడం, ఇది వారానికొకసారైనా జరుగుతోంది. తినేవాళ్లనీ, సప్లయర్నీ ఎవర్నీ తప్పుపట్టలేను. వయసు పైబడ్డవాళ్లు మారు అన్నం ముట్టరు, వాళ్ల దగ్గర నిండు రేటు తీసుకోవడం నాకూ బాగోదు. అలాగని అడిగినంత పెట్టే విస్తరి ఒకరిదే కావాలి, లేకపోతే మా లెక్క మునుగుతుంది. చిన్న ఆకలైతే ప్లేట్ చెప్పండి. ఇద్దరూ ప్లేటే చెప్పి ఒక అన్నం అదనంగా వేయించుకున్నా 180 అవుతుంది, రెండు ఫుల్ మీల్స్ కంటే అరవై తక్కువ.

ఇంకొకటి, పార్సిల్. ఏ మెస్ ఓనరూ తనంతట తాను చెప్పడు గానీ ఊళ్లో అందరికీ తెలిసిందే, పార్సిల్ మీల్స్‌లో కట్టే అన్నం ఒకరు తినలేరు. మనది 130. మామూలుగా తినే ఇద్దరికి సరిపోతుంది, పిల్లాడున్నా సర్దుకోవచ్చు. లాడ్జిలో దిగినవాళ్లు హాయిగా అది కట్టించుకోండి. స్టీలు క్యారేజీ తెచ్చుకుంటే 10 తగ్గిస్తాం. కవర్లు, డబ్బాలు మాకూ ఖర్చే. పైగా పొగలు కక్కే సాంబారు ప్లాస్టిక్ కవర్లో పోసి ముడివేయడం నాకు మొదటి నుంచీ నచ్చదు.

ఆసుపత్రులకి వచ్చినవాళ్లకి ప్రత్యేకంగా: మెత్తటి అన్నం, కారం లేని చారు, పెరుగు విడిగా కట్టి 50కి ఇస్తాం. బోర్డు మీద రాయలేదు. బోర్డు మీద రాస్తే అందరూ అదే అడుగుతారు, మాస్టర్ రెండో పొయ్యి వెలిగించాలి. కౌంటర్ దగ్గర పేషెంట్‌కి అని చెబితే చాలు, ఏ ఆసుపత్రి అని కూడా అడగం. పదకొండున్నర లోపు ఫోన్ చేస్తే మెత్తగా వండి ఉంచుతారు. అప్పటికప్పుడు వచ్చి అడిగితే మామూలు అన్నమే నలిపి ఇవ్వాల్సి వస్తుంది.

వేళలు మారలేదు. పన్నెండుకి విస్తళ్లు వేస్తాం, మూడింటికి ఆపేస్తాం. కొత్తవాళ్లు పన్నెండుంబావుకి రండి. ఒంటిగంట నుంచి రెండు దాకా చుట్టుపక్కల ఆఫీసుల వాళ్లు, షాపుల వాళ్లు, అప్పుడు బయట నిలబడాలి. రెండున్నర తర్వాత వస్తే చోటు దొరుకుతుంది గానీ వేపుడు అడుగంటి ఉంటుంది. గోంగూర పచ్చడి రోజూ ఉంటుంది. ఉలవచారు శనివారం మాత్రమే, మీగడతో, ఫుల్ మీల్స్ వాళ్లకే. శనివారం మీ రైలు సాయంత్రమైతే మధ్యాహ్నం ఇటు వచ్చి వెళ్లండి.

దసరా గురించి ఇప్పటి నుంచే అడుగుతున్నారు. నవరాత్రుల్లో రేటు పెంచం, ఈ 120 అప్పుడూ ఇదే. మూలా నక్షత్రం నాడు మాత్రం ఫుల్ మీల్స్, ప్లేట్ మీల్స్ రెండూ ఉండవు. ఆ రోజు ఊళ్లోకి వచ్చే జనానికి అడిగినంత వడ్డించడం మా నలుగురు సప్లయర్ల వల్ల అయ్యే పని కాదు. పులిహోర, పెరుగన్నం పొట్లాలు, ఒక్కొక్కటి 40, పొద్దున ఆరింటి నుంచి అయిపోయేదాకా. నడిచి వచ్చే భవానీ దీక్షవాళ్ల దగ్గర చిల్లర ఉండదు, మిగతావాళ్లు దయచేసి ఆ రోజు చిల్లరైనా తేండి, ఫోన్లోనైనా కట్టండి. వేపుడు ఉందా అని మాత్రం వంటింటి గుమ్మం దగ్గరికి వెళ్లి అడగొద్దు. మా మాస్టర్ ఆ రోజు తెల్లవారుజామున రెండింటికి లేచి ఉంటాడు, నేనే లోపలికి వెళ్లను.