చేత్తో చేసుకున్న కీలు, చెవితో నేర్చుకున్న మోర్స్: మన సంఘం వార్షిక నివేదిక

మన హామ్ రేడియో (సరదా కోసం రేడియో నడిపేవాళ్ల) సంఘం సభ్యులందరికీ నమస్కారం.

పోయిన సర్వసభ్య సమావేశంలో మనం ఒక మాట అనుకున్నాం. ఈసారి ట్రాన్స్‌మిటర్‌తో కాదు, కీతో, అంటే మోర్స్ అక్షరాలను పొట్టి మోతలు (డాట్లు), పొడవు మోతలు (డాష్‌లు)గా కొట్టే మీటతో మొదలుపెడదామని. అప్పుడు కొందరికి అది మరీ చిన్న పనిలా అనిపించింది. రెండు లోహపు ముక్కలు తగిలితే కరెంటు పారుతుంది, విడిపోతే ఆగుతుంది, ఇందులో ఏడాది పాటు చేయడానికి ఏముంది అన్నారు. ఇప్పుడు వెనక్కి తిరిగి చూసుకుంటే, మనకు అన్నిటికంటే ఎక్కువ నేర్పింది ఆ రెండు ముక్కల మధ్య ఉన్న సందే. అందుకే ఈ నివేదికలో సగం దాని గురించే ఉంటుంది.

మొదటి కీలు హాక్సా బ్లేడుతో చేశాం. బ్లేడు పళ్లను ఆకురాయితో అరగదీసి, ఒక చివరను చెక్క పలకకు రెండు స్క్రూలతో బిగించాం. రెండో చివర పైన వేళ్లకు అందేలా గుండ్రటి నాబ్, దాని కింద పలకలో దిగేసిన ఇత్తడి స్క్రూ. నాబ్ నొక్కితే బ్లేడు వంగి స్క్రూ తలకు తగలాలి. వదిలితే తన బిగువుతో తానే పైకి లేవాలి. వేరే స్ప్రింగ్ అక్కర్లేదు.

మొదటి రోజు సగం కీలు మోగనేలేదు. బ్లేడు మీద పెయింటు ఉంటుందని, పెయింటు మీదుగా కరెంటు పారదని అందరికీ తెలుసు, కానీ చేతిలో పని ఉన్నప్పుడు ఎవరికీ గుర్తు రాలేదు. తగిలే చోట ఉప్పు కాగితంతో రుద్దాక అన్నీ మోగాయి. కొన్ని వారాలకు మళ్లీ తేడా వచ్చింది. ఒక డాష్ మధ్యలో తెగి రెండు ముక్కలుగా వినపడటం, గట్టిగా నొక్కితే తప్ప పలకకపోవడం. విప్పి చూస్తే ఉక్కు మీద సన్నగా తుప్పు. చివరికి బ్లేడు అడుగున, స్క్రూ తలకు ఎదురుగా, గోరంత ఇత్తడి ముక్క టంకం పెట్టాం. ఉక్కుకు టంకం అంత తేలిగ్గా అంటుకోదు. ముందు మెరిసేదాకా గీకి, ఫ్లక్స్ రాసి, బాగా వేడెక్కనిచ్చాకే పట్టింది. ఆ తర్వాత ఆ కీలు ఇబ్బంది పెట్టలేదు. ఇత్తడిని శుభ్రం చేయడానికి మాత్రం ఉప్పు కాగితం వాడకండి, గీతలు పడి ఆ గీతల్లోనే మురికి చేరుతుంది. మందపాటి కాగితం ముక్కను సందులో పెట్టి, కీని నెమ్మదిగా నొక్కి పట్టుకుని బయటికి లాగండి. కాగితం మీద నల్లటి చార వస్తుంది. చార రావడం ఆగేదాకా లాగితే చాలు.

ఇక సందు సంగతి. రాసుకునే కాగితం మందం సుమారు 0.1 మిల్లీమీటరు. మూడు కాగితాలు దూరేంత సందు పెట్టుకుని మొదలుపెడితే ఎక్కువ మందికి కుదిరింది. అంతకంటే వెడల్పైతే పావుగంటకే మణికట్టు నొప్పి పుడుతుంది, మరీ తగ్గిస్తే డాట్లు ఒకదానికొకటి అంటుకుపోతాయి. ముంజేయి బల్ల మీద ఆనించి మణికట్టుతో కొట్టాలి, వేలితో పొడవకూడదు. పాత టెలిగ్రాఫ్ ఆపరేటర్లకు రోజంతా కొట్టీ కొట్టీ చెయ్యి పట్టేసేది, దానికి వాళ్లు గ్లాస్ ఆర్మ్ అని పేరే పెట్టుకున్నారు. మన కొత్త సభ్యుల్లో ఇద్దరికి అలాంటి నొప్పి మొదలైంది. చూస్తే తప్పు చేతిది కాదు, పలక తేలికగా ఉండి జరిగిపోతోంది, దాన్ని ఆపడానికి వాళ్లు భుజం బిగబడుతున్నారు. పలక కింద ఇనుప రేకు బిగించి, దాని కింద రబ్బరు షీటు అతికించాక నొప్పి పోయింది. కీ బరువుగా ఉండాలని పెద్దలు చెప్పేది ఇందుకే.

మోత కోసం 555 అనే చిన్న ఐసీ చిప్పుతో ప్రాక్టీసు ఆసిలేటర్లు, అంటే స్వరం పుట్టించే సర్క్యూట్లు కట్టాం. 1 కిలోఓమ్, 100 కిలోఓమ్ రెసిస్టర్లు, 0.01 మైక్రోఫారడ్ కెపాసిటర్ పెడితే 700 హెర్ట్జ్ దాటి కాస్త పైన స్వరం వస్తుంది, చెవికి హాయిగా ఉంటుంది. గాలిలోకి ఏమీ పంపదు కాబట్టి దీనికి లైసెన్సు అక్కర్లేదు. ఒక పెద్దాయన కట్టిన దాంట్లో మాత్రం ప్రతి డాట్‌కూ తోక వచ్చింది. కీ వదిలినా స్వరం వెంటనే ఆగదు, సాగి సాగి చచ్చిపోతుంది. ఐసీ మార్చారు, స్పీకర్ మార్చారు, కీ కూడా మార్చారు. రెండు వారాల టెన్షన్ తర్వాత తేలిందేమిటంటే, సప్లైకి వేసిన 100 మైక్రోఫారడ్ కెపాసిటర్ కీకి అవతల, ఐసీ వైపు ఉంది. కీ వదిలాక కూడా ఐసీ ఆ కెపాసిటర్‌లో మిగిలిన ఛార్జితో ఇంకాసేపు పాడుతోంది. కెపాసిటర్‌ని బ్యాటరీ వైపుకి మార్చగానే స్వరం కత్తిరించినట్టు ఆగింది. ఆయన ఆ బోర్డును అలాగే తీసుకొచ్చి అందరికీ వినిపించారు. ఆ రోజు వచ్చినవాళ్లు ఆ తప్పు ఇక చేయరు.

కీ, మోత రెండూ కుదిరాక లయ మీద పడ్డాం. డాష్ పొడవు మూడు డాట్లు. ఒకే అక్షరంలో గుర్తుల మధ్య ఒక డాట్ విరామం, అక్షరాల మధ్య మూడు, మాటల మధ్య ఏడు. ఇక్కడ మనవాళ్లలో ఒక ఆసక్తికరమైన పొరపాటు కనిపించింది. పద్యాలు అలవాటున్న సభ్యులు డాట్‌ను లఘువుగా, డాష్‌ను గురువుగా పట్టుకున్నారు. పట్టుకోవడం మంచిదే, లయ తొందరగా వచ్చింది. కానీ గురువుకు రెండు మాత్రలే కదా, అందుకని వాళ్ల డాష్‌లు పొట్టిగా పడేవి, అవతలివాళ్లకు డాటో డాషో తేలేది కాదు. మూడో మాత్ర నోటితో లెక్కపెట్టుకుంటూ కొట్టాక సరిపోయింది. వేగాన్ని కొలవడానికి వాడే ప్రామాణిక మాట పారిస్ (PARIS), విరామంతో కలిపి సరిగ్గా 50 డాట్ల పొడవు. నిమిషానికి 12 మాటల వేగమంటే ఒక్కో డాట్ 100 మిల్లీసెకన్లు, 20 మాటలైతే 60.

నేర్పడానికి కోచ్ అనే ఆయన పేరున్న పద్ధతి ఎంచుకున్నాం. రెండు అక్షరాలతోనే, కానీ మొదటి రోజు నుంచీ పూర్తి వేగంతో. నూటికి తొంభై సరిగ్గా పట్టుకోగలిగితే ఇంకో అక్షరం. చార్టు చూసి చుక్కలు, గీతలుగా బట్టీ పట్టినవాళ్లు వేగం పెరిగేసరికి ఆగిపోయారు. వినపడిన ప్రతిదాన్నీ మనసులో బొమ్మగా మార్చి, మళ్లీ అక్షరంగా మార్చుకోవాలి కదా, అంత వ్యవధి ఉండదు. మన తరగతిలో ఇకపై చార్టు వేలాడదీయవద్దని నా గట్టి అభిప్రాయం.

అటూ ఇటూ నొక్కే పాడిల్ కీలు కొన్ని చేశాం, వాటికి డాట్లు, డాష్‌లు సరైన పొడవులో తామే కొట్టే మైక్రోకంట్రోలర్ కీయర్లు కూడా. ఒక్క జాగ్రత్త: కాంటాక్టు తగిలినప్పుడు కొన్ని మిల్లీసెకన్లు ఎగిరెగిరి తగులుతుంది, ప్రోగ్రాంలో ఆ కాస్త సమయం ఆగకపోతే ఒక డాట్‌కు రెండు వస్తాయి.

ట్రాన్స్‌మిటర్ విషయంలో మన వల్ల జరిగిన ఒక పొరపాటును దాచకుండా రాయాలి. ఫ్రీక్వెన్సీని నిలకడగా ఉంచే 7.030 మెగాహెర్ట్జ్ క్రిస్టల్‌తో, 5 వాట్ల లోపు చిన్న ట్రాన్స్‌మిటర్ కట్టాం. డమ్మీ లోడ్‌కు (యాంటెన్నాకు బదులు పెట్టే రెసిస్టర్‌కు) కలిపి పక్క గదిలో రిసీవర్‌తో వింటే స్వరానికి అటూ ఇటూ టిక్కు టిక్కుమని వినపడింది. రిసీవర్ మరీ దగ్గరగా ఉంటే ఓవర్‌లోడ్ అయి కూడా అలాగే వినపడుతుంది కాబట్టి, అదే అయి ఉంటుందిలే అనుకుని, లైసెన్సు ఉన్న సభ్యుడి చేత యాంటెన్నాకు కలిపి పంపించాం. దూరాన ఉన్న ఒక ఆపరేటరు మర్యాదగానే చెప్పారు, మీ కీ దెబ్బలు పక్క ఫ్రీక్వెన్సీలో మాట్లాడుకుంటున్నవాళ్లకు తగులుతున్నాయని. వెంటనే ఆపేశాం. కారణం కీయింగ్ మరీ పదునుగా ఉండటం. పవర్ సున్నా నుంచి ఒక్కసారిగా పైకి లేస్తే ఆ అంచు దగ్గర సిగ్నల్ పక్కలకు వెడల్పుగా చిమ్ముతుంది. కీకి, పవర్ స్టేజీకి మధ్య ఒక ట్రాన్సిస్టర్, ఒక రెసిస్టర్, ఒక కెపాసిటర్ పెట్టి, పవర్ సుమారు 5 మిల్లీసెకన్లలో మెల్లగా లేచి, అంతే మెల్లగా దిగేలా చేశాం. ఆసిలోస్కోపులో చూస్తే డాట్ నిలువు గోడల పెట్టెలా కాక, భుజాలు గుండ్రంగా కనిపించింది. మళ్లీ అదే ఆపరేటరును వినమని అడిగాం. పక్కన ఏమీ లేదన్నారు. మోర్స్ గొప్పదనమే తక్కువ చోటు పట్టడం. నోటి మాట పంపాలంటే రెండు వేల హెర్ట్జ్ పైన కావాలి, మోర్స్‌కు కొన్ని వందలైనా అక్కర్లేదు. ఆ మేలును మన చేతులతోనే పోగొట్టామని తెలిసిన రోజు నాకు చాలా బాధ కలిగింది. ఇకపై ఏ ట్రాన్స్‌మిటరైనా దూరం నుంచి ఒకరు విని సరేనన్నాకే వాడాలని, ఔట్‌పుట్‌లో, అక్కర్లేని పై ఫ్రీక్వెన్సీలను ఆపే లో-పాస్ ఫిల్టర్ లేకుండా యాంటెన్నాకు కలపకూడదని కార్యవర్గం తీర్మానించింది.

ఓడల్లో మోర్స్ స్థానంలో 1999 నాటికి కొత్త వ్యవస్థ పూర్తిగా అమల్లోకి వచ్చింది. హామ్ లైసెన్సుకు మోర్స్ తప్పనిసరి అనే అంతర్జాతీయ నియమం 2003లో పోయింది. అయినా ఈ ఏడాది వచ్చిన కొత్త సభ్యుల్లో ఎక్కువ మంది మోర్స్ కోసమే వచ్చారు. ఎవరూ బలవంతపెట్టకుండా నేర్చుకునేవాళ్లకు నేర్పడంలో ఉన్న సంతోషం వేరు.

జమాఖర్చుల పట్టిక విడిగా జతచేశాం, ఆడిటరు సంతకం అయింది. పనిముట్లలో రెండు సోల్డరింగ్ ఐరన్‌ల బిట్లు మార్చాలి. తీసుకెళ్లిన క్రిస్టళ్లు ఇంకా కొన్ని వెనక్కి రాలేదు, దయచేసి తెచ్చివ్వండి.

వచ్చే ఏడాది డైరెక్ట్ కన్వర్షన్ రిసీవర్ (రేడియో సిగ్నల్‌ను నేరుగా చెవికి వినపడే స్వరంగా మార్చేది) కట్టాలని ప్రతిపాదన. మొదట చేసిన హాక్సా బ్లేడు కీని ప్రాక్టీసు బల్ల మీదే ఉంచుతున్నాం. ఎవరైనా కూర్చుని కొట్టుకోవచ్చు, తమ చేతికి తగ్గట్టు సందు మార్చుకోవచ్చు. లేచేటప్పుడు, సందు కదలకుండా పట్టే లాక్ నట్టు బిగించి వెళ్లండి.

ఇట్లు,
కార్యదర్శి