కంపెనీలకి ఒక న్యాయం, మనకి ఒక న్యాయమా?

ఎడిటర్ గారికి నమస్కారం అండీ.

పండగ వస్తే చాలు మీ పేపర్ మొదటి పేజీ నిండా లాప్‌టాప్ ఆఫర్లే, క్యాష్‌బ్యాక్ ఇంత, ఈఎమ్ఐ ఇంత, బ్యాగు ఫ్రీ, మౌస్ ఫ్రీ అని. యాడ్ వేసుకోవద్దని అనట్లేదు, పేపర్ కూడా నడవాలి కదా. కానీ రెండేళ్ళకి హింజ్ (మూత తిరిగే కీలు) విరిగితే ఎంతవుతుంది, ర్యామ్ పెంచుకుందామంటే స్లాట్ ఉందా లేదా, ఈ ముక్క మాత్రం ఎక్కడా ఉండదు. దాని గురించి రాద్దామని కూర్చున్నా, కొంచెం పెద్దదైంది, ఏమీ అనుకోకండి.

నేను తెనాలిలో జీఎస్టీ, ఇన్‌కం ట్యాక్స్ రిటర్నులు వేస్తుంటాను. మా ఆఫీసులో ఉన్నవన్నీ సెకండ్ హ్యాండ్ లాప్‌టాప్‌లే, సికింద్రాబాద్ పార్క్ లేన్‌లో సీటీసీ అనే కంప్యూటర్ల మార్కెట్ నుంచి తెచ్చినవి. సాఫ్ట్‌వేర్ కంపెనీలు మూడు నాలుగేళ్ళు వాడేసి లాట్లు లాట్లుగా అమ్మేస్తే అక్కడికి చేరతాయి. చూడ్డానికి నల్లగా, మొద్దుగా ఉంటాయి గానీ గట్టి సరుకండీ. కింద స్క్రూలు విప్పితే మూత వచ్చేస్తుంది, ర్యామ్‌కి రెండు స్లాట్లు, బ్యాటరీ ఊడొస్తుంది, కీబోర్డు పోతే కీబోర్డు ఒక్కటే మార్చుకోవచ్చు, ఏ స్క్రూ ఎక్కడుందో బొమ్మలతో సహా మాన్యువల్ తయారు చేసినవాళ్ళే నెట్లో పెడతారు. టాలీ, ఎక్సెల్, పోర్టల్, డిజిటల్ సిగ్నేచర్ టోకెన్, మా పనికి ఇంతకన్నా ఏం కావాలి.

మా బావమరిది కొడుకు హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్. వాడికి కంపెనీ ఇచ్చిన లాప్‌టాప్ ఆన్ అవకపోతే టికెట్ (కంప్లైంటు) పెడతాడు, మర్నాడో ఆ తర్వాతి రోజో ఇంజినీరు పార్టు చేత్తో పట్టుకుని గుమ్మంలోకి వస్తాడు, ఇంటి నుంచి పని చేస్తున్నా సరే. కంపెనీ దానికి డబ్బులు కడుతుంది, కాదనను. అదే బ్రాండు మా అమ్మాయి బీటెక్‌కని షోరూమ్‌లో కొత్తది కొన్నాం. మూత తీస్తుంటే ఎడమవైపు కర్రుమని శబ్దం, చూస్తే హింజ్ పట్టుకున్న ప్లాస్టిక్ పిల్లర్లు విరిగిపోయి స్క్రూలు లోపల గలగలలాడుతున్నాయి. సర్వీస్ సెంటర్ విజయవాడలో, టోకెన్ తీసుకుని కూర్చుంటే ఆఖరికి కౌంటర్లో అమ్మాయి చెప్పిన మాట, "హింజ్ విడిగా రాదు సార్, అసెంబ్లీ, అంటే దాంతో కలిసున్న భాగం మొత్తం మార్చాలి, పైగా ఇది ఫిజికల్ డ్యామేజ్, వారంటీలోకి రాదు". మూత తెరవడం కూడా ఫిజికల్ డ్యామేజ్ అయితే ఇక మూసే ఉంచుకోవాలేమో. అసెంబ్లీకి చెప్పిన రేటుకి సీటీసీలో ఇంకో లాప్‌టాప్ వస్తుంది.

వెనక్కి తెచ్చి మా బజార్లో రిపేర్ షాపు కుర్రాడికి ఇచ్చా. వాడు విరిగిన చోట గీకి, కొత్త నట్లు పెట్టి, రెండు గొట్టాల జిగురు కలిపి పోసి, రాత్రంతా బరువు పెట్టి ఉంచి పొద్దున్నే ఇచ్చేశాడు, ఇప్పటికీ బాగానే ఉంది. పనిలో పనిగా ర్యామ్ కూడా పెంచరా అంటే విప్పి చూపించాడు, "ఎక్కడ పెంచను బాబాయ్, ర్యామ్‌ని బోర్డుకే సోల్డర్ చేసి అతికించేశారు, ఎనిమిది జీబీతో కొన్నారుగా, పోయేదాకా ఎనిమిదే". అసలే ఈమధ్య ఏఐ డేటా సెంటర్ల గిరాకీకి ర్యామ్ రేట్లు మండిపోతున్నాయి, కొనేటప్పుడే ఎక్కువ పెట్టుకుందామంటే ఎంతమంది వల్ల అవుతుంది.

నా కోపం ఎక్కడంటే, వీళ్ళకి విప్పదీసేలా తయారు చేయడం చేతకాక కాదు. వేలల్లో కొనే కంపెనీ అడిగితే స్క్రూలు, స్లాట్లు, మాన్యువల్, ఇంటికి ఇంజినీరు అన్నీ వస్తాయి. ఒక్కటి కొనే మనకి మాత్రం జిగురు, సోల్డరు, టోకెన్ నంబరు. సన్నగా ఉండాలని కస్టమర్లే అడుగుతున్నారు అంటారు, నేనైతే ఎప్పుడూ అడగలేదండీ. (ఈ రోగం ఖరీదైన ఆఫీసు మోడళ్ళకీ పాకుతోందనుకోండి, వాటిల్లోనూ కొన్నిటికి ర్యామ్ సోల్డర్ చేసే వస్తోంది.)

పోనీ పాతవాటితోనే లాగిద్దామంటే 2025 అక్టోబరు 14తో విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మామూలు సపోర్టు ఆపేసింది. విండోస్ 11 ఎక్కాలంటే టీపీఎమ్ 2.0 అనే సెక్యూరిటీ చిప్పు కావాలి, ఇంటెల్ ప్రాసెసర్ అయితే దాదాపు ఎనిమిదో జనరేషన్ నుంచే కుదురుతుంది. సీటీసీ సరుకులో ఆరు, ఏడు జనరేషన్లవి ఎన్నో, అవన్నీ చక్కగా పనిచేస్తూనే పనికిరానివైపోయాయి. ఇంకో ఏడాది సెక్యూరిటీ అప్‌డేట్లు ఇస్తామన్నారు, 2026 అక్టోబరు దాకా, దానికి మైక్రోసాఫ్ట్ అకౌంట్లోకి సెట్టింగ్స్ బ్యాకప్ పెట్టుకోవాలి లేదా డబ్బు కట్టాలి. యూరప్ వాళ్ళకి మాత్రం అక్కడి వినియోగదారుల సంఘాలు గట్టిగా అడిగితే ఆ షరతు తీసేసి ఊరికే ఇచ్చారు. అడిగినవాళ్ళకి దొరుకుతుంది, మనం ఎప్పుడు అడిగాం? జనాల రిటర్నులు, పాన్‌లు, బ్యాంకు స్టేట్‌మెంట్లు మాలాంటి వాళ్ళ లాప్‌టాప్‌ల్లోనే ఉంటాయి, సెక్యూరిటీ అప్‌డేట్ లేకుండా ఎలా వాడమంటారు.

ప్రభుత్వం అసలేం చేయలేదనీ కాదు. 2022లో కేంద్ర వినియోగదారుల శాఖ రైట్ టు రిపేర్ (కొన్న వస్తువుని రిపేరు చేయించుకునే హక్కు) మీద కమిటీ వేసింది, పోర్టల్ కూడా పెట్టింది. తర్వాత 2024లో రిపేరబిలిటీ ఇండెక్స్ అని ఇంకో కమిటీ, అంటే ఫ్రిజ్ మీద స్టార్లు ఉన్నట్టు ఈ వస్తువు రిపేరుకి ఎంత వీలుగా ఉంటుందో మార్కులేసి కొనేచోటే కనపడేలా పెట్టాలని. 2025 మేలో రిపోర్టు కూడా ఇచ్చేశారు, కాకపోతే మొదట ఫోన్లు, ట్యాబ్‌లకేనట. ఫ్రాన్స్‌లో 2021 జనవరి నుంచే ఈ మార్కులు ఉన్నాయి, అక్కడ మొదటి విడతలోనే లాప్‌టాప్‌లు కూడా ఉన్నాయి. మన దగ్గర ఎందుకు వదిలేశారో అర్థం కాదు, పిల్లల చదువులకి అప్పు చేసి మరీ కొంటున్నది ఇవే. మన రెండు రాష్ట్రాల ఎంపీలు పార్లమెంటులో ఈ ప్రశ్న వేయాలి, మీ పేపర్ కూడా ఒకసారి ఆ శాఖని అడిగి ఏం చెప్పారో వేయాలి.

ఇంకొక్క విషయం చెప్పి ఆపేస్తా, కొత్తది కొనేవాళ్ళకి పనికొస్తుంది. మా క్లయింటు ఒకాయనకి ఎరువుల షాపు ఉంది, సరిగ్గా ఇరవయ్యో తారీకు, జీఎస్టీ 3బీ రిటర్ను వేయాల్సిన రోజు, ఆయన లాప్‌టాప్ అప్‌డేట్ అయ్యి రీస్టార్ట్ అయ్యి నీలం స్క్రీన్ మీద 48 అంకెల రికవరీ కీ (డిస్కు తాళం తీసే నంబరు) అడిగి ఆగిపోయింది. ఆ కీ మైక్రోసాఫ్ట్ అకౌంట్లో ఉంటుంది, ఏ మెయిల్‌తో చేశారండీ అంటే ఆయనకేం తెలుసు, కొన్నరోజు షోరూమ్ కుర్రాడే ఏదో ఒక మెయిల్ పెట్టి గబగబా సెటప్ చేసి ఇచ్చేశాడు, ఆ కుర్రాడు ఇప్పుడు అక్కడ పనిలో లేడు. బిల్లులన్నీ లోపలే ఉండిపోయాయి. కాబట్టి షోరూమ్‌లోనే కూర్చుని మీ మెయిల్, మీ ఫోన్ నంబరుతోనే అకౌంట్ చేయించుకోండి, ఆ కీ ప్రింటు తీసి బిల్లుతో కలిపి బీరువాలో పెట్టుకోండి. సర్వీస్ సెంటర్ వాళ్ళు ఏం చెప్పినా కాగితం మీద రాసిమ్మనండి, ఇవ్వకపోతే 1915కి ఫోన్ చేయండి, అది వినియోగదారుల హెల్ప్‌లైన్, తెలుగులో కూడా మాట్లాడతారు.

ఇట్లు
ఒక ట్యాక్స్ కన్సల్టెంట్, తెనాలి