పద్నాలుగేళ్ల పిల్లకి తెలుగులో పుస్తకమేదీ?

సంపాదకుడు గారికి నమస్కారం.

మా అమ్మాయి తొమ్మిదో తరగతి. ఈ వేసవి సెలవుల్లో చదివినవన్నీ ఒకే రకం ఇంగ్లిష్ నవలలు. వైరస్ వచ్చో, అంతరిక్ష నౌక దారి తప్పో పెద్దవాళ్లు లేకుండా పోతారు. తిండి, నీళ్లు, కాపలా అన్నీ పిల్లలే చూసుకుంటారు. అలాంటిదే తెలుగులో కావాలంటే మా ఊరి శాఖా గ్రంథాలయానికి తీసుకెళ్లాను. పిల్లల బీరువాలో రాజకుమారి కథలు, మాట్లాడే కుందేళ్లు. పక్క బీరువా నిండా గ్రూప్స్ గైడ్లు. మధ్య వయసుకి ఏమీ లేదు. "ఆ వయసువాళ్లు ఇక్కడికి రారమ్మా" అన్నారు అక్కడి ఉద్యోగి. ఏం చూసి వస్తారు?

ఇంటి పన్నులో రూపాయికి 8 పైసల చొప్పున గ్రంథాలయ సెస్సు కడుతున్నాం. అందులో ఈ పిల్లల వాటా ఎంత?

ఇలాంటి కథలు హింస నేర్పుతాయంటారు మా పక్కింటి మాస్టారు. దీవిలో చిక్కుకున్న బడి పిల్లలు చంపుకునేదాకా వెళ్లినట్టు విలియం గోల్డింగ్ 1954లో రాసిన నవల ఆయనకి గుర్తు. నేను టోంగా అనే దీవుల దేశంలో పిల్లలకి నిజంగా జరిగిన సంగతి చెప్పాను. 1965లో ఆరుగురు హాస్టల్ అబ్బాయిలు పడవ ఎత్తుకుపోయి, తుపానులో చిక్కి, పసిఫిక్‌లో మనుషుల్లేని అటా దీవికి కొట్టుకుపోయారు. ఏడాదికి పైగా అక్కడే ఉన్నారు. వంతులేసుకుని నిప్పు ఆరకుండా చూశారు, చెట్టు మొద్దులు తొలిచి వాన నీళ్లు పట్టారు. ఒకడికి కాలు విరిగితే కర్రలతో కట్టు కట్టి, వాడి పని తామే చేశారు. పోట్లాడుకున్నవాళ్లని కోపం తగ్గేదాకా చెరో వైపు పంపేవాళ్లట. 1966 సెప్టెంబరులో ఒక ఆస్ట్రేలియా పడవకి కనిపించేసరికి ఆరుగురూ బతికే ఉన్నారు. మాస్టారు ఒప్పుకోలేదనుకోండి.

మన కథకి అంతరిక్షం దాకా పోనక్కర్లేదు. పెద్దలు ఒడ్డుకి వెళ్లిన రోజు కృష్ణకి వరదొచ్చి, సెల్ టవర్ పోయి, లంకలో పిల్లలూ గేదెలే మిగిలితే? రాసేవాళ్లు లేకపోలేదు, కొంటారన్న నమ్మకమే ప్రచురణకర్తలకి లేదు. జిల్లా గ్రంథాలయ సంస్థలు పుస్తకాలు కొనేటప్పుడు 13 నుంచి 17 ఏళ్ల వాళ్లకంటూ కొంత డబ్బు విడిగా పెట్టాలి. ఎంపికలో ఆ వయసు పిల్లల్ని కూడా కూర్చోబెట్టాలి. నవంబరు 14న మొదలయ్యే గ్రంథాలయ వారోత్సవాల్లో వ్యాసాల బదులు ఈసారి ఇలాంటి కథలు రాయించవచ్చు.

అన్నట్టు, గ్యాస్ స్టవ్ వెలిగించాలంటే టెన్షన్ పడే మా అమ్మాయి, ఆ నవలలు చదివాక వాన నీళ్లు ఎలా వడకట్టాలని అడిగింది. డాబా మీద ఇప్పుడు ఒక బకెట్టు, ఇసుక, బొగ్గులు ఉన్నాయి.

— ఒక తల్లి, కృష్ణా జిల్లా