భాగపరిష్కార దావాల్లో తొలి మధ్యవర్తిత్వ సమావేశం ముఖాముఖిగానే జరగాలి

సంపాదకుల వారికి,

కోర్టులో ఉన్న సివిల్ దావాలను మధ్యవర్తి సాయంతో రాజీ చేసుకునేందుకు సివిల్ ప్రొసీజర్ కోడ్ 89వ సెక్షన్ 2002 నుంచీ వీలు కల్పిస్తున్నది. 2025లో జూలై నుంచి సెప్టెంబరు వరకు దేశమంతటా నడిపిన ప్రత్యేక మధ్యవర్తిత్వ కార్యక్రమంలో కక్షిదారులు నేరుగా వచ్చి గానీ, ఆన్‌లైన్‌లో గానీ పాల్గొనవచ్చన్నారు. ఈ వెసులుబాటును నేను కాదనను. అయితే అన్నదమ్ముల భాగపరిష్కారాలను, గట్టు తగాదాలను మొదటి రోజు నుంచే వీడియో కాల్‌లో తేల్చాలని చూడటం సరికాదని, అటువంటి దావాలో ప్రతివాదిగా ఉన్న అనుభవంతో మనవి చేస్తున్నాను.

మా నాన్నగారి మామిడితోట పంపకం గురించిన మధ్యవర్తిత్వం మొదటి రెండుసార్లూ ఫోన్‌లోనే జరిగింది. నేను పలమనేరు నుంచి, తమ్ముడు తోట దగ్గర నుంచి, అక్క బెంగళూరు నుంచి మాట్లాడాం. మధ్యవర్తి ఏది అడిగినా అక్క ఒకసారి పక్కకు చూసి గానీ జవాబు చెప్పేది కాదు. ఆ పక్కన ఎవరున్నారో మాకూ తెలియదు, మధ్యవర్తికీ తెలియదు. బోరు నీళ్లు కింది చెక్కకు పారే కాలువ ఎవరి భాగంలో ఉండాలన్న దగ్గర మాట ముందుకు సాగలేదు. సర్వే పటాన్ని ఫోన్ ముందు ఎత్తి పట్టుకుంటే గీతలన్నీ అలుక్కుపోయి కనిపించాయి.

మూడోసారి ముగ్గురమూ ఒకే బల్ల చుట్టూ కూర్చున్నాం. తమ్ముడు పటం మీద వేలు పెట్టి, కాలువను తూర్పు గట్టు వెంట మళ్లిస్తే రెండు చెక్కలకూ నీరు అందుతుందని చూపించాడు. నాకది అప్పటిదాకా తట్టనే లేదు. ఆ తరువాత మధ్యవర్తి అక్కతో విడిగా మాట్లాడారు. నాన్నగారి వైద్యానికి తాను పెట్టిన డబ్బు గురించి మేమెవరమూ ఒక్కసారైనా ఎత్తలేదన్న బాధ ఆమె మనసులో ఇన్నేళ్లుగా ఉందని అప్పుడు బయటపడింది. ఆమె అనుమతి ఇచ్చిన తరువాతే ఆ మాట మా ముందుకు వచ్చింది.

ఇలా ఒక్కొక్కరితో విడిగా, గుట్టుగా మాట్లాడగలగడమే మధ్యవర్తిత్వానికి ఉన్న బలమని నా నమ్మకం. 2023 మధ్యవర్తిత్వ చట్టం కూడా అక్కడి మాటలను గోప్యంగా ఉంచాలని, రికార్డు చేయరాదని చెబుతున్నది. ఆన్‌లైన్‌లో జరపాలంటే ఉభయుల రాతపూర్వక సమ్మతి కావాలంటున్నది. ఇంట్లో కూర్చుని ఫోన్‌లో మాట్లాడే మనిషి వెనుక నిలబడి వింటున్నదెవరో, స్క్రీన్‌ను రికార్డు చేస్తున్నదెవరో కనిపెట్టడం ఎవరికి సాధ్యం? ముఖ్యంగా ఆస్తిలో హక్కు అడిగిన ఆడపడుచు, ఆ హక్కు వద్దనే వాళ్ల ఇంట్లోనే కూర్చుని స్వేచ్ఛగా మాట్లాడగలదా?

కుప్పం నుంచి చిత్తూరుకు నూరు కిలోమీటర్లకు పైబడిన ప్రయాణమని, కూలికి పోయేవారికి ఒక్క వాయిదా అంటే ఒక రోజు కూలి పోయినట్టేనని నాకు తెలుసు. కువైట్‌లో పని చేసుకునే వ్యక్తిని రాజీ మాటల కోసం రమ్మనడం అన్యాయం. అటువంటి వారికి వీడియో ఉండవలసిందే. అప్పు వసూలు, అద్దె బాకీ వంటి లెక్క తేలితే తీరిపోయే దావాలకు కూడా అదే చాలు.

కుటుంబ ఆస్తుల దావాల్లో మాత్రం తొలి సమావేశం, రాజీపత్రం మీద సంతకాలు మధ్యవర్తి ఎదుటే జరిగేలా జిల్లా న్యాయ సేవాధికార సంస్థలు ఏర్పాటు చేయాలి. దేశంలో ఉండి రాలేనివారిని ఇంటి నుంచి కాక, దగ్గరలోని కోర్టు ఆవరణలో ఒక గది నుంచి మాట్లాడించి, ఆ గదిలో వేరెవరూ లేరని సిబ్బంది చేత ధ్రువీకరింపజేయాలి. సర్వే పటం నకలును అందరికీ ముందుగానే పంపాలి. రాజీపత్రాన్ని తెలుగులో చదివి వినిపించి, ప్రతి షరతూ అర్థమైందా అని ఒక్కొక్కరిని విడిగా అడిగిన తరువాతే సంతకం తీసుకోవాలి.

భవదీయుడు,
ఒక కక్షిదారు,
పలమనేరు, చిత్తూరు జిల్లా