చిత్తూరు జిల్లా కలెక్టర్ గారికి ఒక తోతాపురి మామిడి రైతు బహిరంగ లేఖ

కలెక్టర్ గారూ, నమస్కారం.

2023 నవంబరు నుంచి యెమెన్‌లోని హూతీ తిరుగుబాటుదారులు ఎర్ర సముద్రంలో ఓడల మీద దాడులకు దిగారు. యూరప్ సరుకు చాలావరకు సూయజ్ కాలువ వదిలి ఆఫ్రికా చుట్టూ తిరిగింది, కిరాయిలు మండిపోయాయి. ఆ యుద్ధంతో మనకేం పని అనుకున్నాం. 2025లో తెలిసొచ్చింది. కాపు విరగ్గాసింది. ఎగుమతి కావాల్సిన పాత మామిడి గుజ్జు డ్రమ్ములే కదల్లేదంటూ ఫ్యాక్టరీవాళ్లు గేటు వేసేశారు. బంగారుపాళెం రోడ్డు మీద ట్రాక్టర్ కిందే రెండు రాత్రులు పడుకున్నా. అడుగున కాయలు చితికి, రసం టైర్ల మీదికి కారింది. ఈగలు.

కిలోకు ఫ్యాక్టరీ 8, ప్రభుత్వం 4, మొత్తం 12 రూపాయలన్నారు. ఫ్యాక్టరీ నా చేతిలో పెట్టింది తన వాటాలో సగమే.

ఈసారైనా కోతకు ముందే ఏ ఫ్యాక్టరీలో ఎంత గుజ్జు నిల్వ ఉందో లెక్క తీయించి, ఊరూరా చెప్పించండి. చెట్టు మీదున్న కాయ నాలుగు రోజులు ఆగుతుంది. ట్రాక్టరెక్కింది ఆగదు.